నావత్తు

తంగసాల వీధి సందులో, మెట్ల కింద ఒక ప్రెస్సు.
మా నాయన చెంగల్రాయుడు అందులో కంపోజిటరు.
మద్రాసు దాటి ఉత్తరంగా ఆయన చూసిన చివరి ఊరు
గుమ్మిడిపూండి,
అదీ ఒక శవం వెంట.

ఆ యేడు ఎండల్లో పనికొచ్చింది
ఒక జిల్లా చరిత్ర.
రాసినాయన పెంచలనరసింహం, రిటైరైన తాసిల్దారు.
గోనెసంచి నిండా కాగితాలు,
అంచుల్లో మూడు రంగుల సిరా.
"ఏరు ముందు రావాల," అన్నాడు,
"రాజులు తర్వాత."

అట్లానే వేసినారు.
నంది కొండల్లో పుట్టింది, ఉత్తరానికి పోయింది,
మనసు మార్చుకుని తూర్పుకు తిరిగింది,
గండికోట కాడ రాతిని కోసింది,
సోమశిల కాడ కొండల్ని తోసుకుని బయటపడింది.
మా నాయన అరచేతి స్టిక్కులో
అంతా తలకిందులు, అద్దంలో మాదిరి.
అట్లా చదివితే నీళ్ళు
సముద్రంలోంచి కొండకెక్కుతాయి.

మూడో ఫారానికి అక్షరాలు చాలలేదు.
పెన్న వరద, పెన్న ఇసక, పెన్న మీద ఆనకట్ట,
పెన్న ఒడ్డున జొన్నవాడ,
జొన్నలు, సున్నం బట్టీలు, శిస్తు మన్నించిన సంవత్సరాలు...
కేసులో నావత్తుల గడి ఖాళీ.
లేని అక్షరం చోట ఇంకో దిమ్మని
తిరగేసి పెట్టడం ప్రెస్సు ఆనవాయితీ.
అచ్చులో దాని కాళ్ళు పడతాయి:
రెండు నల్ల చారలు.

ప్రూఫు చూసి తాసిల్దారు చాలాసేపు మాట్లాడలేదు.
ప్రతి పెన్న కిందా రెండు చారలు.
మా నాయన చేతులు తుడుచుకుంటా నిలబడ్డాడు,
తిట్టుకు సిద్ధంగా.
"చెంగల్రాయా, వేసంగిలో మా ఏరు ఇట్లానే ఉంటది.
పైనంతా ఇసక. కిందెక్కడో నల్లగా తడి.
మా అక్క మోకాళ్ళ మీద కూచుని చెలమ తవ్వేది,
తేట ఊరిందాకా
కడవని తాకనిచ్చేది కాదు."

ఆ కూచున్నాయన సాయంత్రం దాకా లేవలేదు.
వావిళ్ళదిబ్బ అనే ఊరు
ఒక్క రాత్రి వరదలో ఉత్తరపు గట్టునుంచి
దక్షిణపు గట్టుకు పోయిందంట.
కోసుకుపోయిన దోసపాదుల లంక ఎవరిదని
రెండూళ్ళు పందొమ్మిదేళ్ళు తగువాడితే
తీర్పు చెప్పింది ఈయనే.
మరుసటేడు ఏరు మళ్ళీ
పాత దారినే వచ్చింది.
"ఇది పుస్తకంలో లేదే సామీ?"
"తీర్పు నాది గదయ్యా."

ఆ రాత్రి మా నాయన రాతప్రతి లేకుండా
ఆ కథని ఆరు లైన్లు కంపోజు చేసినాడు,
అధ్యాయం తోకలో, చిన్న టైపులో. కూలి లేదు.
ప్రూఫులో దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసినాడు తాసిల్దారు.
కింద, పెన్సిలుతో, వణుకుతా:
ఉండనీ.

పుస్తకం అయినాక కూడా మా నాయనకు ఆ జిల్లా వదల్లేదు.
ఆదివారం బేసిన్ బ్రిడ్జి కాలవకు పోయేవాడు,
నెల్లూరి వైపునుంచి సరుగుడు కట్టెలతో వచ్చే
పడవల్ని చూసేదానికి.
పలక మీది ఇసకని వేలితో అద్ది
"పెన్నదేనా?" అని అడిగితే
పడవాడు నవ్వినాడంట:
"సూళ్ళూరుపేటది, పెద్దాయనా."

ఇప్పుడు వ్యాసర్‌పాడిలో మా కొళాయికి
పూండి నీళ్ళొస్తాయి.
కృష్ణా నీళ్ళంటారు అందరూ.
దారిలో సోమశిల ఉందని
నేనెవరికీ చెప్పను.
బిందె అడుగున మన్ను పేరుకుంటే
కడిగేముందు ఒకసారి చూస్తాను, అంతే.

మూడొందల ప్రతుల్లో మిగిలింది ఒకటి, మా ఇంట్లో.
అరువు తెచ్చిన నావత్తులతో అన్నీ సరిచేసినారు గానీ
నలభై ఒకటో పేజీలో ఒక్క పెన్నని మరిచినారు.
దాని కింద ఇంకా రెండు నల్ల చారలు.

చిన్నప్పుడు గోరుతో తవ్వినాను,
తడి తగుల్తుందేమోనని.
కాగితం చిరిగింది.
మా నాయన తిట్టలేదు.
వెనక పేజీలో ఏముందో
ఆ కంతలోంచి చూసినాడు.