నాలుగు కొక్కేలు

మస్తానమ్మ గారు మళ్లీ వచ్చారు
కొత్తపేట సందులో నా ఫ్రేముల కొట్టుకి,
చంకలో చుట్ట చుట్టిన డ్రాయింగ్ షీటుతో.

విప్పితే,
పండుమిరప ఎరుపులో ఒక కిడ్నీ.
కాదు, చింతగింజ.
దాన్ని వాసన చూస్తూ
తోకో వేరో తేలని పసుపు.
మూలన తాటిముంజె లాంటిదేదో,
దానికి అప్పుడే కళ్లు మొలుస్తున్నాయి.

దేవుళ్లూ, పెళ్లిళ్లూ, పోయినవాళ్లూ అయితే
ఏది పైనో నేనెవర్నీ అడగక్కర్లేదు.
"ఇది ఎటు పైకమ్మా?" అన్నాను.
"ఈదేదానికి పైనేంటయ్యా!
నాలుగు వైపులా కొక్కేలు కొట్టు."

ముప్పై ఏళ్లు పెద్దాసుపత్రి ల్యాబులో
గుంటూరు నెత్తుర్ని చుక్క చుక్కగా
గాజుపలక మీద చూసిన మనిషి.
రిటైరయ్యాకే ఆ చుక్కలు
రంగులడగడం మొదలెట్టాయట.

రాత్రి అద్దం కోస్తుంటే వేలు తెగింది.
వెనక అట్ట మీద పడ్డ బొట్టు
ఊరుకోక పాకి పాకి,
ఒక పొట్టా, రెండు కాళ్లూ,
నవ్వబోయి ఆగిన నోరూ అయ్యింది.

తుడవలేదు.
ఆ అట్టనే లోపలికి తిప్పి మేకులు కొట్టాను.

పొద్దున ఆమె డబ్బులిచ్చి,
బొమ్మని అటూ ఇటూ తిప్పి
"బరువెక్కిందే" అన్నారు.

"అద్దం కదమ్మా" అన్నాను.