ముప్పై ఆరున్నర

మిట్టూరులో మా అంగడికి బోర్డు లేదు.
గుమ్మానికి వేలాడే పసుపు టేపే గుర్తు.
పద్దెనిమిదేండ్లుగా ఈ వీధి నడుములు నాకు తెలుసు,
ఏ పెండ్లికి ముందు తగ్గినాయో
ఏ కాన్పు తర్వాత ఇంక వెనక్కి రాలేదో
గళ్ళ నోటుబుక్కులో పెన్సిలుతో రాసి పెట్టినాను.

నాది మాత్రం రాసుకోలేదు.

పోయిన ఎండల్లో హేమావతక్క వచ్చింది.
సంచిలో మూడు డబ్బాలు, చాక్లెట్టు వాసన.
"పొద్దున ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు.
నెలకు ఐదు కిలోలు. నువ్వు తాగు, నలుగురికి అమ్ము.
చేతిలో టేపు ఉండాది కదమే,
నీకంటే సాక్ష్యం ఎవురు?"
డబ్బా రెండువేల ఆరునూర్లు.
అమ్మితే నాకు నాలుగునూర్లు,
రెండు లైనింగు జాకెట్ల కూలి, కాలు కదపకుండా.

తాగినాను.
సంగటి మానేసినాను.
పక్కింట్లో ఊరిబిండి నూరుతుంటే
కిటికీ వైపు వీపు పెట్టి కూర్చున్నాను.
పదో దినానికి గుండె
మోటారు పెట్టిన మిషను మాదిరి దడదడ.
సూదిలోకి దారం ఎక్కదు.
ఎంగిలి చేసి, పురి పెట్టి, వెలుగుకు ఎత్తి పట్టినా
కన్ను ఒక చోట, చెయ్యి ఒక చోట.
కాజాలు కుట్టే షఫీవుల్లా అన్న ఏమీ అనలేదు.
సూది తీసుకొని, దారం ఎక్కించి ఇచ్చి
తన పని తాను చూసుకున్నాడు.

మునికుమారికి డబ్బా ఇచ్చింది నేనే.
గుజ్జు ఫ్యాక్టరీలో మామిడికాయలు కోసే పిల్ల,
సీజను కూలి దాచి కొనింది.
నెల తర్వాత వచ్చి, చేతులెత్తి నిలబడి
"ఎంత తగ్గినానక్కా?"
టేపు ముప్పై ఎనిమిది అనింది. ముందు నెలా అంతే.
నేను ముప్పై ఆరున్నర అన్నాను.
ఒక్క వేలు లోపలికి బిగించినాను, అంతే.
టేపు అబద్ధం చెప్పదంటారు.
టేపుకేం తెలుసు?
చెప్పేది పట్టుకున్న చెయ్యి.

ఆ పిల్ల నవ్వింది చూడండి.
రెండో డబ్బా కావాలనింది.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు,
పొడి పుణ్యమో, నా పాపమో.
తెల్లారి పిలిపించి మళ్ళీ కొలిచినాను.
నిజం చెప్పి, నాలుగునూర్లు చేతిలో పెట్టి
మిగతాది కుట్టుకూలిలో తీరుస్తానన్నాను.
తిట్టింది. తిట్టాల్సిందే.
కుట్టని జాకెట్టు గుడ్డ చంకలో పెట్టుకొని
కట్టమంచి టైలరు దగ్గరికి పోయింది.

మధ్యాన్నం పన్నెండున్నరకు షఫీవుల్లా అన్న
పాత పేపరు పరిచి క్యారియరు విప్పినాడు.
పిడికిలంత సంగటి, చెంచలాకు పుల్లగూర.
రోజూ చూసేదే. ఆ దినమే చూసినాను.
ముద్దకూ ముద్దకూ నడుమ మనిషి ఊపిరి తీసుకుంటాడు.
ఫోను లేదు, తొందర లేదు,
సగం కుట్టిన కాజా అట్లే ఆగి ఉంటుంది.

మరి నేనో?
మిషను మీదనే టీ, టీతో రెండు బోండాలు,
బిడ్డలు విడిచిన అన్నం గిన్నెలోనే, నిలబడి,
పదకొండు గంటలకు చల్లటి చారు.
ఇన్నేండ్లలో తిన్నానని నాకే తెలియకుండా తిన్నాను.

"అన్నా, నేనూ కూర్చుంటా."
సగం పేపరు నా వైపు జరిపినాడు.

ఇప్పుడు ఏడింటికి మిషను మీద గుడ్డ కప్పుతాను.
ఆ తర్వాత ఎవురొచ్చినా, "రేప్పొద్దున రామ్మా."
నా పేరుకూ ఒక పేజీ తీసినాను.
మూడు నెలలకు ముప్పావు అంగుళం,
టేపు వదులుగానే పట్టి.
హేమావతక్క వింటే నవ్వుతుంది.
సూదిలోకి దారం మాత్రం ఒక్కసారికే ఎక్కుతోంది.

మునికుమారి మళ్ళీ రాలేదు.
ఆమె పేజీలో ముప్పై ఆరున్నర రబ్బరుతో తుడిపినాను.
కాగితం పలచబడింది కానీ
వెలుగుకు ఎత్తి పట్టితే
ఇంకా కనిపిస్తా ఉండాది.