హుఫూఫ్ యార్డుల తలుపు పాఠం

గుంజకు తమ్మీ, ఆగు.
ముందు మీటను చూడు. ఎర్ర రంగు పోయి
ఇనుము తేలింది గదా,
ఎన్ని చేతులు రాసుకున్నయో.
మీట ఎత్తక ముందు సూది తియ్యాలె.
సూదికి కొక్కెం, కొక్కేనికి సీలు.
సీలు నంబరు కాయిదం మీద రాసినంకనే కత్తెర.
ఒక్క అంకె తప్పితే
పిండి బస్తాలన్ని దమ్మాం దాకా వాపసు,
కిరాయి నీ జీతంలకెల్లి కోస్తరు.

ఇప్పుడు మీట పైకి. ఇంక. ఇంక.
ఇన్నవా? టక్కుమన్నది.
లోపల వంకర రేకు తిరిగి
తలుపును చౌకట్టుకెల్లి బయటికి నూకింది,
నాలుగు వేళ్ల మందం, అంతే.
ఈ తలుపు ముందు ఎదురొస్తది,
తర్వాతనే పక్కకు జరుగుతది.
మూసేటప్పుడు ఉల్టా.
తొందరపడి రెండు పనులు ఒక్కసారే చేసినోడు
ఆ క్యాంటీన్ల చాయ్ పోసే మైసయ్య.
మూడు వేళ్లతోని గ్లాసు పడుతడు,
చుక్క ఒలకదు.

పట్టాలు రెండు. పైది దారి చూపెడ్తది,
కిందిది బరువు మోస్తది.
రాత్రి షమాల్ గాలి లేసిందంటే
తెల్లారి కింది గాడి కనవడదు, అంత దుబ్బ.
కొత్తల నేను గ్రీజు దండిగ పూసిన,
మస్తు పని చేసిన అనుకున్న.
దుబ్బ గ్రీజుల కలిసి సాన రాయైంది,
నెల తిరగక ముందే బేరింగులు అరిగినయి.
ఇద్రీస్ తిట్టలే. సూడాన్ మనిషి, మాట తక్కువ.
గ్రాఫైటు పొడి చిటికెడు తీసి
కూరల ఉప్పు ఏసినట్టు ఏసి చూపెట్టిండు.
ఇక్కడ ఎండినదే జారుతది తమ్మీ.

ఇగ లోపలికి ఎక్కు.
తలుపును లోపలి దిక్కు తడుము.
ఏం దొరికింది?
అదే. పిడి లేదు.
సామాన్లకు బయటికొచ్చే పని ఉండదనుకున్నడు
దీన్ని గీసినోడు.
నీ పాస్‌పోర్టు ఏ అల్మారిల ఉన్నదని
నిన్న అడిగినవు గదా,
దానికి కూడ పిడి బయటనే.

మూడేండ్ల కింద, ఆగస్టు, పగలు రెండు.
నేను లోపల పై పట్టా బోల్టులు బిగిస్తున్న.
షంటింగోడు ఖాళీ బండనుకోని
తలుపు నూకి మీట దించిండు.
టక్కు.
ఇందాక ఇన్న సప్పుడే,
లోపలికెల్లి ఇంటే వేరే తీరుంటది.
చీకటి కన్న ముందు వాసన తెలిసింది,
పాత పిండి, కాలిన ఇనుము, నేను.
అరిచిన. ఇనుప పెట్టెల మాట బయటికి పోదు,
మోత పోతది. స్పానరు తీస్కోని
మూడు దెబ్బలు, ఆగి మూడు, ఆగి మూడు.
మూడే ఎందుకో ఇప్పటికి తెల్వదు.
బండి కదిలింది. కదిలి ఆగింది.
అవతల లైన్ల బ్రేకు పైపులు చూస్తున్న ఇద్రీస్‌కు
లెక్క ఇనవడ్డదట.

లోపలున్నోనికి ఈ తలుపు
ముందు దూరం పోతది తమ్మీ.
చుట్టు నాలుగు దిక్కుల సన్నటి తెల్ల గీత,
వెంట్రుకంత.
తర్వాతనే పక్కకు.

మల్ల శుక్రారం, సెలవు నాడు,
ఇద్దరం పదకొండు బండ్లకు మీట పైన బొక్క కొట్టి
మీట కొసకు తీగ కట్టి లోపలికి ఇడిసినం.
గుంజితే మీట లేస్తది.
తనిఖీల పట్టుకున్నరు. సీలుకు భద్రం లేదన్నరు.
సూది ఉన్నప్పుడు తీగ గుంజినా రాదు సార్ అన్నం.
నక్షల లేదు, మూసెయ్యుమన్నరు.
వెల్డింగు నేనే పెట్టిన. ఇంకెవలు పెడ్తరు?
పదింటికి పెట్టిన.
ఏది మిగిలిందని అడగకు.

సరే, దిగు. మూద్దాం.
మూసే ముందు లోపలికి తల పెట్టి పిలువు.
ఖాళీ అని తెల్సినా పిలువు.
ఎవల పేరా?
నీ పేరే పిలువు.
ఊ. ఇప్పుడు దించు మీట.