సుద్దగీత

కరపత్రంలో అచ్చేసిన చరిత్ర వేరు.
అందులో గంట గోపురముంది, లాటిన్ సూక్తి ఉంది,
నల్లకోట్ల మనుషుల వరుస ఫోటో ఉంది.
నాది తాళంచెవుల గుత్తి చెప్పే చరిత్ర.
నలభై మూడు చెవులు. ఆరింటికి ఇప్పుడు తలుపుల్లేవు,
అయినా వింటాయి.

పేరు నెడ్ హెస్లప్. ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ బడికి కాపలా.
కిటికీ తీస్తే ఉత్తర సముద్రం,
ఏప్రిల్‌లోనూ ఒళ్లు కొరికే గాలి.

మొదట ఇది ఓడల తెరచాపలు కుట్టే అటక.
డోర్కస్ ఐన్‌స్లీ అని ఒక పెళ్లికాని మనిషి
తండ్రి పోయాక తాళ్లూ తారుడబ్బాలూ అమ్మేసి
పదకొండుమంది ఆడపిల్లల్నీ ఐదుగురు మగపిల్లల్నీ
ఒకే పొయ్యి చుట్టూ కూర్చోబెట్టింది.
ఫీజు కట్టలేనివాళ్లు ఎండు హెర్రింగులు తెచ్చేవాళ్లట.
ఆ లెక్కల పుస్తకం ఇప్పటికీ ఉంది.
మూడో పేజీ తిప్పితే చేప వాసనేనని
పాతకాగితాలు చూసే మిసెస్ ట్రెనమ్ ఒట్టేసి చెబుతుంది.
నాకైతే ఎప్పుడూ రాలేదు.

చర్చి పాదిరీ మండిపడ్డాడు:
నిప్పూ దూదీ ఒకే బల్ల మీదా?
ఆవిడ ఎదురు చెప్పలేదు.
సుద్దముక్క తీసి
ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నేల మీద ఒక గీత గీసింది.
ఇటు గౌన్లు, అటు బూట్లు.
పాదిరీ చూశాడు, తలూపాడు, టీ తాగి వెళ్లాడు.

పొయ్యి ఒక్కటే కదా. మంచినీళ్ల కూజా ఒక్కటే.
మధ్యాహ్నానికి గీత లేదు.
మర్నాడు మళ్లీ గీసింది. మళ్లీ లేదు.
అలా తొమ్మిదేళ్లు గీసిందంటారు.
ఒకనాడు సుద్ద అయిపోయింది,
కొనాలని ఎవరూ గుర్తు చేయలేదు.

అప్పటినుంచీ ఆచారం.
ఈస్టరు సెలవులయ్యాక బడి తెరిచిన పొద్దున
అందరికన్నా చిన్నబిడ్డ హాల్లో గీత గీస్తుంది,
అందరికన్నా పెద్దవాడో పెద్దదో మొదట తొక్కాలి.
తుడుపుకర్రతో నేను దాని జోలికి పోకూడదు.
బూట్ల అడుగున సుద్ద
ఊరంతా ఇళ్లకు పోతుంది.

ఇది పగటి బడి. నాలుగింటికి ఖాళీ.
ఇక్కడ ఏ పిల్లకూ మంచం లేదు,
దుప్పటి కింద ఏడుపు లేదు.
ఒంటరి చేతితొడుగు, సగం కొరికిన ఆపిల్, నేను.

మా హేజెల్ ఇక్కడ చదవలేదు.
సిబ్బందికి సగం ఫీజే అన్నారు,
ఆ సగం నా జీతం కన్నా పొడుగు.
కొండ కింద సర్కారు బడికి వెళ్లింది, నర్సయింది.
ఈ మాట కరపత్రంలో పట్టదు.

రోగమొచ్చిన ఏడు గేటుకు గొలుసు వేశాను.
బడి తెరవాల్సిన పొద్దున
నాకేమనిపించిందో, మోకాళ్ల మీద కూలబడి
నేనే గీశాను.
చిన్నబిడ్డనూ నేనే, పెద్దవాణ్నీ నేనే.
తొక్కుదామని కాలెత్తాను.
మళ్లీ ఎత్తినచోటే పెట్టాను.

ఆ నెలలన్నీ హేజెల్ మా వాకిట్లో కారవాన్‌లో పడుకుంది.
డ్యూటీ నుంచి వచ్చి, ముక్కు మీద మాస్కు కోసిన గాటుతో
అద్దం అవతల నుంచి చెయ్యూపేది.
సూప్ గిన్నె మెట్టు మీద పెట్టి
నేను వెనక్కి నడిచేవాణ్ని.

మే పోయింది. జూన్ పోయింది.
గీత అలాగే ఉంది, నిన్న గీసినట్టు.
నూటయాభై ఏళ్లలో ఇంతకాలం బతికిన గీత
ఇదొక్కటే.

సెప్టెంబరులో పిల్లలొచ్చే ముందు
నేలంతా పసుపు టేపు అంటించాను:
బాణాలు, పాదాల బొమ్మలు, ఇక్కడ నిలబడు, అటు పోకు.
ఏప్రిల్‌లో తప్పిన ఆచారం కదా,
ఐదేళ్ల టిల్డా పర్విస్ చేతికి సుద్దముక్క ఇచ్చారు.
పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది.
"మిస్టర్ హెస్లప్,
వీటిల్లో తొక్కాల్సింది ఏది?"

గుత్తిలో ఏదో చెవి వెతుకుతున్నట్టు
చాలాసేపు తల దించుకున్నాను.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి
బూట్లు విప్పకుండానే
కారవాన్ తలుపు కొట్టాను.