ముప్పై ఎనిమిదో గిన్నె

మొదటి ఆదివారం బల్ల.
తొమ్మిదింటికే వెళ్ళి హాలు తాళం తీస్తాను.
మెథడిస్టు వాళ్ళ దగ్గర గంటకింతని అద్దెకు తీసుకున్న హాలు,
శనివారం కరాటే పిల్లల చెమట వాసన ఇంకా పోదు.
కిటికీ బయట స్విండన్ వాన,
కురవాలో మానాలో తేల్చుకోదు.

బొటనవేలంత గిన్నెలు, ప్లాస్టిక్‌వి.
ద్రాక్షరసం టెస్కోది.
పోసేటప్పుడు పేర్లతోనే లెక్కపెట్టుకుంటాను:
ఇది సుగుణాకరం గారిది, ఇది వాళ్ళావిడది,
ఇది షుగరున్న మరియదాసు మామయ్యది, సగమే.

ఎలీషా గారు వెనకనుంచి వచ్చి
"ముప్పై ఏడే పొయ్యమ్మా" అన్నారు.
పేరు చెప్పలేదు.
పేరెత్తకుండా ఒక మనిషిని తీసెయ్యడం
ఆయనకు బాగా చేతనవును.

దయామణిని బల్ల నుంచి ఆపారు.
మొగుణ్ణి వదిలి వచ్చేసిందని.
ఆయన జతపరిస్తే విడదీయడానికి మీరెవరని
అయ్యగారు గంటంపావు వాక్యం చెప్పారు.

కిచెన్‌లో పళ్ళేలు కడగడానికి
ఆ పిల్ల చెయ్యి మడిచినప్పుడు
ఒకసారి చూశాను, మళ్ళీ చూశాను,
మూడోసారి తువ్వాలు అందించాను.
అందరికీ తెలుసు. ఉపవాస ప్రార్థన కూడా పెట్టాం,
అతని మారుమనసు కోసం ఒక పూట,
ఆమె ఓర్పు కోసం నలభై రోజులు.

కమిటీలో చేతులెత్తమన్నారు.
నేనూ ఎత్తాను.
ఇది చెప్పకుండా మిగతాది చెప్పకూడదు.
గాజు జారి మోచేతి దగ్గర ఆగింది,
ఆ చప్పుడు నాకొక్కదానికే వినబడినట్టుంది.

మా అమ్మమ్మ చెప్పేది, చినగంజాం టీకొట్టులో
మనకు వేరే గ్లాసమ్మా, చూర్లో దోపి ఉంచేవాళ్ళు,
మనమే తీసుకుని, మనమే కడిగి, మళ్ళీ దోపాలి.
ఇక్కడ అందరికీ ఒకటే గిన్నె అన్నారు,
అందుకే వచ్చాం ఈ దేవుడి దగ్గరికి.
ఇంకేం తెలుసు మాకు, ఆ గిన్నె తప్ప.

ముప్పై ఎనిమిది పోశాను.

పళ్ళెం వరసలన్నీ తిరిగి వచ్చింది.
అంచున ఒకటి నిండుగా అలాగే.
అయ్యగారు దాన్ని చూశారు, నన్ను చూశారు,
ముగింపు ప్రార్థన కొంచెం పొడుగైంది.
"లెక్క తప్పిందామ్మా?" అని తర్వాత ఎలీషా గారు.
"లేదండీ. సరిపోయింది."

మూత లేదు. అరచెయ్యి మూతేసి బస్సెక్కాను.
ఈ ఊళ్ళో ఒక రౌండబౌట్ ఉంది,
పెద్ద సున్నా చుట్టూ ఐదు చిన్న సున్నాలు,
లోపలి చుట్టులో బళ్ళు ఎదురు తిరుగుతాయి.
కొత్తలో కళ్ళు మూసుకునేదాన్ని.
ఎదురు తిరగడానికి కూడా
రోడ్డుమీద తెల్లగా బాణం గుర్తు వేసే ఉందని
ఇన్నేళ్ళలో ఇవాళే చూశాను.
అక్కడే బస్సు ఊగింది.
సగం నా చేతిలో, సగం నా చీర కుచ్చిళ్ళమీద.

కేర్ హోమ్‌లో రాత్రి డ్యూటీ చేసి నిద్రపోతోందట,
తలుపు తీసి నా చెయ్యి చూసి బెదిరింది.
"రక్తమా అక్కా?"
"కాదు. నీ వంతు. ఒలికిపోయింది."
నవ్వుతుందో ఏడుస్తుందో అనుకున్నాను.
"సబ్బుతో పోదది, నిమ్మకాయ రుద్దాలి" అంది.

టీ పెట్టింది. ఇంట్లో ఉన్నది ఒక్కటే కప్పు,
వచ్చేటప్పుడు ఏమీ తెచ్చుకోలేదుగా.
నన్ను ముందు తాగమంది. నేను తనను తాగమన్నాను.
వాదించుకుంటుంటే చల్లారిపోయింది.
చేతులెత్తిన సంగతి చెబుదామని నోరు తెరిచాను.
"తెలుసు" అంది, ఏమీ అడగకముందే,
బిస్కెట్లు వెతుకుతూ, అటు తిరిగి.

రాత్రి మోకరిస్తే
ప్రార్థన మొదటి మాట దగ్గరే ఆగిపోయింది.
తండ్రీ, అన్నాను. అంతే.

వచ్చే నెల మొదటి ఆదివారానికి ఇంకా మూడు వారాలు.
హాలు తాళం నన్నెవరూ తిరిగి అడగలేదు.
హ్యాండ్‌బ్యాగులోనే ఉంది,
నిమ్మకాయ వాసన వేస్తూ.