నిర్మాణ సంవత్సరం

టేపు ఒక కొస ఎల్లస్వామి పట్టుకుంటడు,
ఇంకో కొస నాది.
మా ఇద్దరి నడుమ బడీచౌడి.

రోడ్డు నడిమి నుంచి ఇరవై అడుగులు.
ఇరవై ఎక్కడ ఆగితే అక్కడ ఎర్రరంగు.
కుంచె కూడ కాదు, కొబ్బరిపీచు కట్టిన పుల్ల.
పొద్దటి నుంచి పదిహేడు గోడలకు బొట్టు పెట్టినం,
బోనాల నాడు పొట్టేలుకు పెట్టినట్టు.

పద్దెనిమిదోది ఈ మేడ.
కింద కుందాబాయి ఫాల్, పీకో దుకాణం.
పక్కన గొడుగులు బాగుచేసే ఖలీల్‌మియా,
వానలు లేనప్పుడు తాళాలు.
పైన ఒకప్పటి టైపు ఇన్‌స్టిట్యూట్.
బోర్డు మీద సగం పేరే మిగిలింది,
మిగతాది మెట్రో పిల్లర్ అడ్డం.

నెత్తిన గచ్చుతో చేసిన రెండు చిలుకలు.
ఒకదానికి తల లేదు.
తల ఉన్నది, ఆ లేని తల దిక్కే చూస్తుంటది.
వాటి నడుమ సున్నంల చెక్కిన అంకెలు, మూడు వరుసలు.
ఉర్దూది ఖలీల్‌మియా చదివిండు.
నాగరిది కుందాబాయి.
౧౩౪౧
ఇది నేను చదవాలె.
నాకు రాలే.
తెలుగు అంకెలు మా బడిల ఎవరు చెప్పిన్రు?
"మేమిద్దరం చదివిందే నీది గూడ, బేటా"
అన్నది కుందాబాయి, పళ్ల నడుమ దారం తెంపుకుంట.

"పదకొండు లోపటికి!" ఎల్లస్వామి కేక.
పదకొండడుగులంటే
చిలుకలు, వరండా, ఇనుప పూలతీగెల కటకటాలు,
మధ్యాహ్నం నేల మీద నీలం ముక్క పరిచే ఆ ఒక్క అద్దం.
ఏడో అడుగుల మెట్ల మొదలు.
మెట్లు పోతయి, పైగది ఉంటది.
ఎక్కే తొవ్వ లేని గది.
"దానికి గూడ పన్ను కట్టాల్నా?" అని ఖలీల్‌మియా.
ఎగతాళి కాదు. నిజంగనే అడిగిండు.

ట్యాబ్ తీసిన.
యజమాని: కోర్టుల తేలలేదు.
అంతస్తులు: రెండు.
గోడ: రాయి, డంగుసున్నం.
నిర్మాణ సంవత్సరం:

"అది ఫసలీ. ఐదువందల తొంభై కలుపుకో,
మా మామ అట్లనే కలిపేటోడు."
కలిపిన. పందొమ్మిది వందల ముప్పై ఒకటి.
నూరేండ్లు నిండని గోడకు లిస్టుల చోటు లేదని
పొద్దున మీటింగుల గట్టిగ చెప్పిన్రు.
నూరు దాటితే గీత ఆగుతది.
కమిటీ వస్తది, ఫోటోలు తీస్తది, ఛాయ్ తాగుతది,
ఏండ్లకేండ్లు ఆలోచన చేస్తది.
ఇంత చెక్కిన మేస్త్రి
ఇంకో పదేండ్లు ముందు పుట్టకపోయిండా!

నేను లెక్కలల్ల ఇంటర్ తప్పినోన్ని.
జీతం పదమూడు వేలు, అది గూడ మూడు నెలలకొకసారి.
ఈ ఊళ్లె కూడికలు నా మీద ఆధారపడి లేవు.

గోడ మీద ఏమున్నదో అదే కొట్టిన.
ఒకటి. మూడు. నాలుగు. ఒకటి.

ట్యాబ్ కొంచెంసేపు గుండ్రంగ తిరిగింది.
చార్మినార్ కంటె రెండువందల యాభై ఏండ్లు పెద్ద ఇల్లు.
మూసీకి పేరు పెట్టిన నగరం లేనప్పుడే
చీరకు ఫాల్ కుట్టి కూసున్న ఇల్లు.
ఊరు ఎప్పుడొస్తదా అని
తలుపు తీసి పెట్టుకున్న ఇల్లు.
పచ్చ టిక్కు.
ఒప్పుకున్నది.

"గీయాల్నా?" రంగు డబ్బాతో ఎల్లస్వామి.
"వద్దు. నూరు దాటింది."
"ఎంత దాటింది?"
"బాగనే దాటింది."
తల లేని చిలుక దిక్కు చూసిండు.
నా మొకం దిక్కు చూసిండు.
ఏమనలే.

రేపో మాపో లెక్క తెలిసినోడు ఒకడొస్తడు.
రాకుండ ఉండడు.
నా పేరు అడుగుతడు, తప్పు ఎవనిదంటడు.
గోడనే అడుగుమంట.

మెట్రో పోయింది, నీలం అద్దం జరంత వణికింది.
లోపట మిషను మళ్ల మొదలైంది.
రంగు ఎండిపోతున్నదని
పుల్లను అక్కడే, దుకాణం ముందటి మోరీల కడిగిండు ఎల్లస్వామి.
మోరీ కొంచెం దూరం
ఎర్రగ పారింది.