బండను తట్టి చూసేవాడు

తాడిపత్రిలో మా హైస్కూలు గోడకు
'నాణ్యతే మన లక్ష్యం' అని రాయించి
పెయింటు ఆరకముందే కమిటీ మీటింగు పెట్టినాను.
తొమ్మిదిలో లెక్కలు తప్పినోళ్లు పదిహేడు మంది.
ఎర్రసిరా పేర్లు చదువుతుంటే
వెనక బెంచీలోంచి పక్కీరప్ప లేచినాడు.
పాలిష్ ఫ్యాక్టరీలో బండలు ఏరే మనిషి,
కనుబొమల మీద ఇంకా రాతిపొడి.

"సార్, దినానికి మున్నూరు బండలు తడతా నేను.
ఖంగుమంటే లారీకి,
బొంగురుగా పలికితే గుట్టకి.
ఇరవై ఏండ్లు తట్టినా
ఒక్క బీట గూడా నా తట్టుడుకు అతుక్కోలా.
గనికాడికి పోయి సూస్తే కదా తెలిసింది...
ఉలి మొద్దుబారింది.
కొట్టేవానికి నీడ లేదు."

కరెంటు పోయింది. ఫ్యాను మెల్లగా ఆగింది.
ఎవరూ మాట్లాడలేదు.

అందరూ వెళ్ళినాక
బీరువా మీది పాత కట్టలు దింపినాను,
ఆ పిల్లల ఆరో తరగతి పేపర్లు.
పదిహేడులో పదమూడు మంది
భిన్నాల దగ్గరే ఆగిపోయినారు,
గీతకు పైన ఒక అంకె, కింద ఖాళీ.

అదే కట్టలో ఇంకో కాగితం:
ఆ ఏడు జులై నుంచి దసరా దాకా
లెక్కల సారును
ఓటర్ల లిస్టు పనికి పంపిన ఉత్తర్వు.

కింద సంతకం
నాదే.